‘లిల్లిబర్లేరో’: ఈ పల్లవిని తెలుగు చేయాలా, అలాగే వదిలేయాలా? (మారుపేర్లతో సాగిన చర్చ)

పాటల పెట్టె:
1687లో టాల్బాట్ నియామకం మీద పుట్టి, 1688 చివరికల్లా ఇంగ్లండ్ సైన్యం నోట, ఊళ్ళ నోట నానిన ఒక రాజకీయ పాటను తెలుగులో పాడుకునేలా రాయాలి. అచ్చులో దాని పేరు ‘కొత్త పాట’ అనే ఉంది. జనం మాత్రం పల్లవిని పట్టుకుని ‘లిల్లిబర్లేరో’ అన్నారు. సందర్భం అందరికీ తెలియకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు. కాథలిక్ అయిన రెండో జేమ్స్ రాజు, అదే మతంవాడైన రిచర్డ్ టాల్బాట్‌ను, అంటే టిర్‌కానెల్ ప్రభువును, 1687లో ఐర్లండ్ మీద తన ప్రతినిధిగా పెట్టాడు. ఇక ప్రొటెస్టంట్ల గొంతులు కోస్తారని ఇంగ్లండ్‌లో పుకారు లేచింది. ఆ పుకారునే ఇద్దరు ఐరిష్ కాథలిక్కులు సంబరంగా చెప్పుకుంటున్నట్టు పాట కట్టారు.

చరణానికి కొత్త మాటలు రెండు పాదాలే. ఒక పాదం, పల్లవి, రెండో పాదం, మళ్ళీ పల్లవి, ఆపైన అందరూ కలిసి ‘లేరో లేరో లిల్లిబర్లేరో, లేరో లేరో బుల్లెన్ అ లా’ అని వంత. అంటే గొంతు ఎక్కువసేపు పలికేది అర్థం తెలియని ముక్కనే. దాన్ని తెలుగు చేస్తే పాట మారిపోతుందేమో, చేయకపోతే సగానికి పైగా తెలుగు కాకుండా మిగులుతుందేమో. అసలు ఆ మాటలకు అర్థం ఉందా?

మాటమూలం:
అర్థాలు మూడు ప్రచారంలో ఉన్నాయి. దేని బలం ఎంతో విడివిడిగా చూడాలి.

మొదటిది థామస్ పెర్సీ అనే ఇంగ్లీషు పండితుడు 1765లో తన పాత పాటల సంకలనంలో చెప్పినది. 1641 ఐరిష్ తిరుగుబాటులో కాథలిక్కులు ఒకరినొకరు గుర్తుపట్టడానికి వాడిన సంకేతపదాలట ఇవి. ఘటనకూ ఈ మాటకూ మధ్య 124 ఏళ్ళ దూరం. పైగా ‘శత్రువుల రహస్య సంకేతం’ అనే వివరణ ఆ పాట రగిలించిన భయంలోంచే వచ్చినట్టుంది. 1641 నాటి సాక్ష్యం చేతిలో లేకుండా దీన్ని మూలంగా రాయకూడదు.

రెండోది, మూడోది ఐరిష్ భాషలోంచి. ‘లిలె బ లేర్ ఎ, బ లిన్ అన్ లా’ అని విడదీస్తే ‘లిల్లీ పువ్వు వెల్లడైంది, ఆ రోజు మనదైంది’ అని వస్తుంది. అదే లిల్లీని పువ్వుగా కాక విలియం లిల్లీ అనే జ్యోతిష్కుడి పేరుగా తీసుకుంటే ‘లిల్లీకి ముందే తెలిసింది, ఆ రోజు మనది’ అవుతుంది. ఈ లిల్లీ లండన్‌లో పంచాంగాలు అచ్చువేసి పేరు తెచ్చుకున్నవాడు, 1681లో పోయాడు. పాట చివర ఒక జోస్యం ఉంది కనుక ఈ అర్థం కొందరికి ముద్దొచ్చింది.

రెండు విభజనల్లోనూ ‘బ లిన్ అన్ లా’ భాగం గట్టిది. ఐరిష్‌లో ‘లా’ అంటే రోజు. ‘బ లిన్’ అంటే మనది అయింది. గబగబా అంటే ‘బుల్లెన్ అ లా’కు చాలా దగ్గర. ‘లిల్లిబర్లేరో’ భాగమే సాగదీసి అతికినట్టుంటుంది. శబ్దాన్ని బట్టి తర్వాతివాళ్ళు కట్టిన వాక్యాలు ఇవి. ఐరిష్ వాసన ఉన్న శబ్దం అని చెప్పవచ్చు. ఐరిష్ వాక్యం అని తేల్చి చెప్పలేం.

పాత అచ్చు:
అర్థం కన్నా ముఖ్యమైన సాక్ష్యం ఆ కాలంవాడే ఇచ్చాడు. 1688లో హాలండ్ నుంచి సేనతో వచ్చి జేమ్స్ గద్దెనెక్కిన ప్రొటెస్టంట్ విలియంతో పాటు దిగిన మతగురువు గిల్బర్ట్ బర్నెట్ తన చరిత్రలో రాసింది ఇది: అప్పుడొక తెలివితక్కువ పాట పుట్టింది, దానికి ‘ఐరిష్ మాటలని చెప్పే’ పల్లవి ఉంది, కళ్ళారా చూడనివాళ్ళు ఊహించలేనంతగా అది సైన్యం మీద పనిచేసింది, మొదట సైన్యమంతా, తర్వాత పట్నాల్లో పల్లెల్లో జనమంతా ఆపకుండా పాడారు, ఇంత చిన్నదానికి ఇంత పెద్ద ఫలితం బహుశా ఎన్నడూ లేదు.

ఇందులో ‘ఐరిష్ మాటలని చెప్పే’ అన్న ముక్క చూడండి. పాడుతున్నవాళ్ళకే అర్థం తెలియదు. ఐరిష్ అని విన్నారు, అంతే. కాబట్టి ‘ఆ రోజు మనదైంది’ అని తెలుగు చేస్తే, 1688లో పాడినవాళ్ళెవరికీ లేని అర్థాన్ని మనం పాడేవాళ్ళ నోట పెట్టినట్టవుతుంది.

బర్నెట్ గెలిచిన పక్షం మనిషి అన్నదీ మరవకూడదు. పాట రాశాడని చెప్పే రాజకీయనాయకుడు థామస్ వార్టన్ సంగతీ అంతే. మోసపోయిన రాజును పాట పాడి మూడు రాజ్యాల్లోంచి సాగనంపానని ఆయన గొప్పలు చెప్పుకునేవాడని 1712 నాటి ఒక కరపత్రం అంటుంది. రాజు పారిపోవడానికి విలియం సేన దిగడం, జేమ్స్ అధికారులు పక్షం మార్చడం వంటి బరువైన కారణాలున్నాయి. పాట ఆ సైన్యం మనసు ఎటు తిరిగిందో చూపించింది. సైన్యాన్ని ఓడించింది మాత్రం పాట కాదు.

తిశ్రగతి:
పల్లవిని వదిలేయాలి. కానీ ‘అలాగే’ వదలడం తెలుగులో కుదరదు. ఎక్కడ చెడుతుందో చూడండి.

వరస మూడేసి దెబ్బల నడక, మన లెక్కలో తిశ్రం. పాదానికి నాలుగు ఊనికలు. ఇంగ్లీషులో ఊనిక పడిన అక్షరం బరువు, మిగతావి తేలిక. అందుకే ‘లిల్-లి-బర్’ మూడూ ఒక ఊనిక కింద ఇమిడిపోతాయి. తెలుగులో ఆ పని మాత్రలు చేస్తాయి. ‘లిల్లి’ అని ద్విత్వం రాయగానే ‘లిల్’ గురువు. లిల్ రెండు, లి ఒకటి, బర్ రెండు, మొత్తం ఐదు మాత్రలు. మూడు పట్టాల్సిన చోట ఐదు పెడితే పాడేవాడు పరుగెత్తాలి, లేదా తాళం ఆగాలి.

ద్విత్వాలు తీసేస్తే ఇలా కూర్చుంటుంది:

లిలిబు | లేరొ | బులెన | లా

మూడు లఘువులు మూడు. ‘లేరొ’ రెండు, ఒకటి. ‘బులెన’ మూడు. ‘లా’ రెండు మాత్రలు, పాడేటప్పుడు మూడోదాకా సాగుతుంది. నాలుగు ఊనికలు, పన్నెండు మాత్రలు, శబ్దం చెక్కుచెదరలేదు. పాడే ప్రతిలో ఇలాగే రాయండి. వివరణలో మాత్రం లిల్లిబర్లేరో అనే వాడండి, లేకపోతే వెతికేవాళ్ళకు దొరకదు.

అర్థం లేని వంత మనకు కొత్తా? బుర్రకథలో ‘తందాన తాన’కు అర్థం ఎవరూ అడగరు. కథకుడు ఊపిరి తీసుకునే లోపు పక్కవాయిద్యగాళ్ళు దాన్నందుకుంటారు. ఇక్కడా పల్లవి చేసే పని అదే. కొత్త పాదం ఒక్కడికి వస్తే చాలు, పక్కనున్న వందమందికి పల్లవి వస్తే చాలు.

పాటల పెట్టె:
ఈ లెక్కతో మొదటి రెండు చరణాలు ఇలా వచ్చాయి. పల్లవి తీసి పాదాలే ఇస్తున్నాను.

ఓయి టీగు వార్తలంట
మనకు కొత్త నాయబంట

ఆత్మతోడు టాలుబాటు
ఇంగిలీషు గొంతు కాటు

టీగు అంటే పాటలో పిలుపు అందుకునే ఐరిష్‌వాడు. ‘టైగ్’ అనే వాళ్ళ పేరును ఇంగ్లీషువాళ్ళు జాతి మొత్తానికి ఎగతాళి పేరుగా వాడారు. పాదాలన్నీ పన్నెండు మాత్రలకు సరిపోయాయా? మూలంలో ‘గొంతులు కోస్తాడు’ అని ఉంది. ‘కాటు’ తప్పా?

తిశ్రగతి:
నాలుగు పాదాలూ సరిపోయాయి. ఓయి, టీగు, వార్త, లంట; మనకు, కొత్త, నాయ, బంట. ఎక్కడా జారలేదు.

‘కాటు’ తప్పు కాదు, మంచి ఎత్తు. టాల్బాట్ అంటే ఒక జాతి వేటకుక్క పేరు కూడా. తెల్లటి జాగిలం, టాల్బాట్ వంశం చిహ్నంలో ఉంటుంది, ఇంగ్లండ్‌లో సత్రాల బోర్డుల మీదా ఉండేది. పాట చివర్లో ‘టాల్బాట్ కుక్క, జేమ్స్ గాడిద’ అని దెబ్బ కొడుతుంది. ఇంగ్లీషువాడికి టాల్బాట్ అనగానే కుక్క గుర్తొస్తుంది, తెలుగువాడికి రాదు. శ్లేష చివర్లో ఒక్కసారి వివరించి పెడితే చచ్చిపోతుంది. రెండో చరణంలోనే ‘కాటు’ పడితే చివరి చరణానికి చెవి సిద్ధంగా ఉంటుంది. కోతలో పోయిన కత్తి కాటులో కుక్కగా తిరిగొచ్చింది.

మాటమూలం:
‘నాయబు’ సరైన మాట. టాల్బాట్ హోదా పూర్తి రాజప్రతినిధి కన్నా ఒక మెట్టు కింద. ‘వైస్రాయ్’ అని రాస్తే ఆ తేడా పోతుంది. నాయబు తహసీల్దారు విన్న చెవికి కింది మెట్టు అన్నది వెంటనే అందుతుంది.

నా అభ్యంతరం ‘అంట’ మీద. మూలంలో టీగును పిలిచేవాడికి సందేహం లేదు. ‘విన్నావా ఉత్తర్వు, మనకు కొత్త ప్రతినిధి రాబోతున్నాడు’ అని ఖాయంగా చెబుతాడు. ‘అంట’ పెడితే అది గాలిమాట అయిపోయింది.

పాటల పెట్టె:
అది గాలిమాటే కదా. ఇంగ్లండ్‌లో తిరిగిన పుకారునే ఐరిష్‌వాడి నోట పెట్టారు.

మాటమూలం:
పుకారు ఇంగ్లీషువాళ్ళది. పాటలో ఐరిష్‌వాడికి అది ఉత్తర్వు. పాట పట్టు అంతా అక్కడే ఉంది. ‘కాథలిక్కులు మన గొంతులు కోస్తారంట’ అని ఒక ఇంగ్లీషువాడు పాడితే వినేవాడు ‘ఎవరు చెప్పారు’ అని అడగవచ్చు. అదే మాటను కుట్రదారుడే ఒప్పుకుంటున్నట్టు, నవ్వుతూ, వాడి గొంతుతో పాడితే ఆ ప్రశ్నకే చోటు లేదు. నింద ఒప్పుకోలు వేషం వేసుకుంది. తెలుగులో ‘అంట’ ఆ వేషాన్ని జార్చేస్తుంది.

తిశ్రగతి:
ఇద్దరి మాటా దక్కే దారి ఉంది. నియామకం గురించిన చరణంలో ‘అంట’ ఉంచండి, ఎందుకంటే ఆ వార్త నిజంగానే ఒకరి నుంచి ఒకరికి చేరింది. గొంతుల చరణంలో ‘అంట’ లేదు, వద్దు కూడా. అక్కడ నేరుగా, ఖాయంగా ఉండాలి. మీ ప్రతిలో ఇప్పటికే అలాగే ఉంది.

ఊరిమాట:
ఇంకో పెద్ద చిక్కు ఎవరూ ఎత్తలేదు. మూలంలో ఐరిష్ యాసను వెక్కిరిస్తూ రాశారు. ఇంగ్లీషు ‘ద’కారాలు మోటుగా మారతాయి, ‘సోల్’ కాస్తా ‘షోల్’ అవుతుంది. దీనికి తెలుగులో ఏ యాస పెట్టాలి అన్న ప్రశ్న రాగానే చాలామంది చేయి శ్రీకాకుళం మీదికో తెలంగాణ మీదికో పోతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. విలన్‌కూ వాడి పక్కనున్న జోకరుకూ ఫలానా ప్రాంతం యాస అంటగట్టే అలవాటు మన తెర మీద ఎంతకాలం నడిచిందో, దానివల్ల ఎంతమంది మనసులు నొచ్చాయో అందరికీ తెలుసు. ఐర్లండ్‌వాళ్ళకు జరిగిన అవమానాన్ని అనువదించబోయి మనవాళ్ళకు కొత్తది చేసినట్టవుతుంది.

పాటల పెట్టె:
అయితే వెక్కిరింత పూర్తిగా తీసేస్తే పాట పళ్ళు ఊడిపోతాయి. చదివేవాళ్ళకు ఇది మామూలు సంభాషణ అనిపిస్తుంది.

ఊరిమాట:
తీసేయకండి. ఏ జిల్లాకూ అంటని గుర్తు ఒకటి ఎంచుకోండి. మూలంలో ‘స’ ‘ష’గా మారుతుంది. మీరు ‘స’ వచ్చిన చోటల్లా ‘శ’ పెట్టండి. సోది శోది అవుతుంది, సోదరా శోదరా అవుతుంది. ఇది ఏ ఊరి యాసా కాదు, కాగితం మీద కట్టిన వేషం అని తెలుస్తుంది. మూలంలోనూ అది కట్టిన వేషమే, ఐరిష్‌వాళ్ళ నిజమైన మాట కాదు. పాట మొత్తంలో నాలుగైదు చోట్లకు మించకూడదు. మించితే చదవడమే కష్టమై ఎగతాళి కూడా నిలవదు.

ఒక మాట ముందు రాయాలి. ఈ పాట నవ్వు కోసమే పుట్టినట్టుంటుంది గానీ దాని వెనక భయం నిజం. 1688 డిసెంబరులో రాజు పారిపోయి, జీతాల్లేని సైన్యాన్ని వదిలేశాక, ఐరిష్ సైనికులు ఊళ్ళు తగలబెట్టి జనాన్ని చంపుతూ వస్తున్నారని లండన్‌లో ఒక రాత్రంతా జనం మేలుకుని కూర్చున్నారు. ఆ భయం ఊరూరికీ పాకింది. రాబోతున్న సైన్యమే లేదు. అంతకు నెలల ముందునుంచే గొంతుల కోత పాట అందరి నోటా ఉంది.

గుడిగంట:
మత సంబంధమైన మాటల గురించి. మూలంలో ‘పోపిష్’, అంటే పోపు మనుషులు అన్న తిట్టు వాసన అంతటా ఉంది. దాన్ని ‘కాథలిక్’ అని రాస్తే తిట్టు పోయి ఉత్త వర్ణన మిగులుతుంది. ‘పోపు కుట్ర’ అని రాస్తే తెలుగు చెవికి తాలింపు వినిపిస్తుంది, చదివేవాడి ధ్యాస వంటింట్లోకి పోతుంది. ‘రోము’ వాడండి. రోము కుట్ర, రోము మనుషులు. అందులో పరాయితనం ఉంది, తిట్టు ఉంది, పోపు వాసన లేదు.

‘మాస్’కు తెలుగు కాథలిక్కులు గుడిలో అనే మాట ‘పూజ’, మర్యాదగా ‘దివ్యబలిపూజ’. ప్రార్థన అని రాయకండి. ప్రొటెస్టంట్లూ ప్రార్థనకు పోతారు. ఆ పాటలో తగువంతా పూజ దగ్గరే. ఆ చరణం చూడండి: పూజకు రానివాణ్ణి బయటికి తోస్తారు, వాడు గాడిదలా నిలబడతాడు. ‘బయటికి’ అంటే ఇంట్లోంచి కాదు, ఉద్యోగంలోంచి. టిర్‌కానెల్ ఐర్లండ్ సైన్యంలో ప్రొటెస్టంట్ అధికారులను తీసేసి కాథలిక్కులను పెట్టాడు. పాటలో నిజం మీద నిలబడిన పాదం ఇది. గొంతుల కోత పుకారు, ఉద్యోగాల కోత నిజం. రెండూ పక్కపక్కన పెట్టడం వల్ల మొదటిదీ నిజమే అనిపించింది.

పాటల పెట్టె:
ఇలా మార్చాను:

పూజ కెవడు రాడొ చూడు
కొలువు ఊడి గాడ్దె వాడు

దీనికి ముందు టిర్‌కానెల్ ఒడ్డెక్కే చరణం:

వాడు ఒడ్డు చేరెనంట
కొలువులింక కొల్లలంట

మాటమూలం:
‘కొల్లలు’ దగ్గర ఆగాలి. మూలంలో ఆ చోట ఉన్నది ‘గిలోర్’. ఐరిష్ ‘గొ లోర్’, అంటే చాలినంత, బోలెడు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన మాట, నేటికీ ‘గలోర్’గా ఉంది. తెలుగు ‘కొల్లలు’లో బోలెడు అన్న అర్థమూ ఉంది, కొల్లగొట్టడం అన్న నీడా ఉంది. ఇంగ్లీషువాడి భయం సరిగ్గా అదే: వాళ్ళకు బోలెడు, మనకు కొల్ల. మూలం కన్నా ఒక పిసరు ఎక్కువే పలికింది. మార్చకండి.

ఇదే గొడవల్లో ఐరిష్ నుంచి ఇంగ్లీషుకు ఎక్కిన ఇంకో మాట ‘టోరీ’. వెంటాడేవాడు, తర్వాత దారిదోపిడీగాడు. రెండో చార్లెస్ రాజు తర్వాత ఆయన కాథలిక్ తమ్ముడు జేమ్స్‌కు సింహాసనం దక్కకూడదన్న గొడవలో, 1681 నాటికి, జేమ్స్ పక్షంవాళ్ళను అవతలివాళ్ళు ఆ పేరు పెట్టి తిట్టారు. ఇవాళ ఆ తిట్టే బ్రిటన్‌లో ఒక పార్టీకి వాడుక పేరు.

పాత అచ్చు:
గాలి చరణం వదలకండి. ‘ఇంకా ఎందుకు రాలేదు? ప్రొటెస్టంట్ గాలి వీస్తోంది’ అన్న చరణం. 1687లో టాల్బాట్ ఇంగ్లండ్ నుంచి ఐర్లండ్‌కు, అంటే పడమటికి వెళ్ళాలి. ఆపిన గాలి ఎదురుగాలి కనుక పడమటి గాలి అయి ఉండాలి. 1688 నవంబరులో విలియం నౌకలను హాలండ్ నుంచి మోసుకొచ్చి, జేమ్స్ నౌకాదళాన్ని థేమ్స్ నది ముఖం దగ్గర కదలనివ్వకుండా పెట్టింది తూర్పు గాలి. దాన్నీ ‘ప్రొటెస్టంట్ గాలి’ అన్నారు. చరిత్ర పుస్తకాల్లో ఆ పేరు నిలిచింది ఈ రెండోదానికే. అనువాదంలో దిక్కు పేరు చెప్పకండి. ‘తూర్పు గాలి’ అని వివరణ రాస్తే ఈ చరణానికి తప్పు.

విలియం టోర్‌బేలో దిగింది 1688 నవంబరు 5న. 1605లో పార్లమెంటు కింద 36 పీపాల తుపాకిమందుతో కాథలిక్ కుట్రదారు గై ఫాక్స్ దొరికిన రోజు కూడా నవంబరు 5. ఏటా ఆ రోజు దేవుడికి కృతజ్ఞత చెప్పాలన్న చట్టం అప్పటికే ఉంది, 1859 దాకా ఉంది. దేవుడు తమ పక్షమే అనడానికి జనానికి తేదీ కలవడమే పెద్ద సాక్ష్యమైంది. మన పిల్లలు రోజుకు పదిసార్లు అనే ‘హాయ్ గైస్’లో గై ఆ ఫాక్స్ పేరే. ముందు ఏటా ఆ రోజు తగలబెట్టే ఫాక్స్ బొమ్మకు, తర్వాత వికారంగా బట్టలు కట్టుకున్నవాడికి, చివరికి ఏ మనిషికైనా.

తిశ్రగతి:
గాలి చరణానికి ఒక ప్రతి:

ఎందుకింక రాడు వాడు
ప్రొటెస్టంటు గాలి చూడు

‘ప్రొటెస్టంటు’ ఆరు మాత్రలు, రెండు ఊనికలకు సరిపోతుంది. కానీ మొదటి గణంలో లఘువు ముందు, గురువు తర్వాత. ఊనిక లఘువు మీద పడి చిన్న కుదుపు వస్తుంది. పాడేటప్పుడు ‘ప్రొ’ను కాస్త నొక్కి అంటే సర్దుకుంటుంది. ఆ మాటను మాత్రం మార్చడానికి లేదు.

పాటల పెట్టె:
చివరి చరణాల్లో ‘ఊబిలో పాత జోస్యం దొరికింది, మనల్ని గాడిద, కుక్క ఏలుతాయి’ అని ఉంది. జోస్యానికి ‘కాలజ్ఞానం’ అనవచ్చా? వినగానే అందరికీ అందుతుంది.

గుడిగంట:
అనవద్దు. కాలజ్ఞానం అనగానే పోతులూరి వీరబ్రహ్మంగారు, బనగానపల్లె, కందిమల్లాయపల్లె. దాన్ని నమ్మేవాళ్ళకు అది పూజ్యం. ఇక్కడున్నది అయిపోయిన సంగతిని ముందే చెప్పినట్టు అల్లిన వెక్కిరింత జోస్యం. ‘సోది’ సరిపోతుంది. సోది చెప్పడంలో భవిష్యత్తూ ఉంది, అనవసరపు వాగుడు అన్న వాడుకా ఉంది.

తిశ్రగతి:
సోది రెండక్షరాలు, మూడు మాత్రలు, గణానికి అతికినట్టు ఉంది. ఊరిమాట గారు చెప్పిన ‘శ’ కూడా ఇక్కడే పెట్టవచ్చు:

ఊబి శోది దొరికెనంట
కుక్క గాడిదేలునంట

కుక్క టాలుబాటు చూడు
గాడ్దె జేమ్సు రాజు వీడు

మూలంలో పూజ చరణంలో గాడిద ఒకసారి వస్తుంది, ఇక్కడ మళ్ళీ వస్తుంది. మొదటిసారి గాడిద కొలువు ఊడిన ప్రొటెస్టంట్, రెండోసారి సాక్షాత్తు రాజు. రెండు చోట్లా ‘గాడ్దె’ అనే ఒకే రూపం ఉంచండి. ఒకచోట మూర్ఖుడు, ఇంకోచోట గాడ్దె అని పెడితే ఆ తిప్పు కనబడదు.

మాటమూలం:
ఇక్కడే వేషం జారుతుంది, గమనించారా? జేమ్స్ రాజును గాడిద అని ఆ ఐరిష్‌వాడు ఎందుకంటాడు? వాడి రాజు కదా. ఇంతసేపు ఐరిష్ గొంతు పెట్టుకున్న ఇంగ్లీషువాడు చివర్లో సొంత గొంతుతో తిట్టేశాడు. కాబట్టి ఈ ఆఖరి రెండు పాదాల్లో ‘శ’ వేషం ఉండకూడదు. పైనున్న ప్రతిలో స్వతహాగా లేదు, అలాగే ఉంచండి.

పాటల పెట్టె:
ఆఖరి సందేహం. ఘటన 1687ది, అచ్చు 1688ది అంటున్నారు. పాట తేదీగా ఏది వేయాలి?

పాత అచ్చు:
మూడు తేదీలూ వేరు, మూడూ వేయాలి. వరస 1686లో రాబర్ట్ కార్ వేసిన రికార్డర్ (పిల్లనగ్రోవి వంటి వాయిద్యం) పాఠాల పుస్తకంలోనే ఉంది, మాటల్లేకుండా. కాబట్టి వరస మాటలకన్నా పాతది. 1689లో కీబోర్డు పాఠాల పుస్తకంలో ‘కొత్త ఐరిష్ వరస’ అని ఇంగ్లీషు స్వరకర్త హెన్రీ పర్సెల్ పేరుతో వచ్చింది. దాన్ని బట్టి పర్సెల్ కట్టాడని చాలామంది రాస్తారు. మూడేళ్ళ ముందే అచ్చయిన వరసకు ఆ మాట నిలవదు. ఆయన కీబోర్డుకు సర్దాడు అనడం క్షేమం. తర్వాత బీబీసీ ప్రపంచ సేవ ముందు వినిపించింది ఈ వరసే.

మాటలు టాల్బాట్ నియామకం మీద కట్టినవి. అయినా 1688 దాకా బాహాటంగా అచ్చు కాకపోవడానికి కారణం చట్టం. అచ్చుకు ముందు అనుమతి తీసుకోవాలన్న చట్టం 1679లో గడువు తీరి పడిపోయింది. టైటస్ ఓట్స్ అబద్ధపు సాక్ష్యంతో ‘రోము కుట్ర’ భయం రగిలిన రోజులవి, అప్పుడు పాటలు వెల్లువగా అచ్చయ్యాయి. 1685లో జేమ్స్ పార్లమెంటు ఆ చట్టాన్ని మళ్ళీ నిలబెట్టింది. అందుకని ఈ పాట నోటి మీద, చేతిరాత మీద నడిచి, ప్రభుత్వం పట్టు తప్పాక అచ్చు కాగితం మీదికి వచ్చింది. అచ్చువేసినవాడి పేరు లేకుండా, ఒక పక్కే ముద్రించిన ఒంటి కాగితం.

పేరు లేకపోవడానికి కారణం పిరికితనం అనుకోకండి. స్టీఫెన్ కాలెజ్ అనే లండన్ వడ్రంగి, అప్పటి రాజు రెండో చార్లెస్‌ను వీపు మీద పెట్టె మోసుకు తిరిగే బొమ్మలాటవాడిగా చూపిన పాట రాశాడని నింద మోశాడు. లండన్ జ్యూరీ అభియోగం మీద ‘ఇగ్నొరామస్’, అంటే ‘మాకు తెలియదు’ అని రాసి కొట్టేసింది. విచారణను ఆక్స్‌ఫర్డ్‌కు మార్చి 1681 ఆగస్టు 31న ఉరి తీశారు. పాట ఒక్కటే నేరం కాదు, రాజద్రోహం మోపారు. పాట సాక్ష్యంలో భాగం. అది జరిగి ఆరేళ్ళకు ఇంకో పాట కట్టినవాడు పేరు వేసుకుంటాడా?

మీ ప్రతి నెత్తిన పేరుగా ‘కొత్త పాట’ అనే వేయండి, దాని కింద ఆ కాలపు పద్ధతిలోనే ఒక పంక్తి: ‘వరస: లిల్లిబర్లేరో’. కింద రచయిత స్థానంలో వార్టన్ పేరు వేయవద్దు. ‘వార్టన్ రాశాడని చెబుతారు’ అని వివరణలో ఉంటే చాలు.

పాటల పెట్టె:
అలాగే వేస్తాను. ‘లిలిబు లేరొ బులెన లా’ పాదాల మధ్య ప్రతిసారీ పూర్తిగా రాయాలా, గుర్తు పెడితే చాలా?

తిశ్రగతి:
మొదటి చరణంలో పూర్తిగా రాయండి, వంతతో సహా. రెండో చరణం నుంచి పాదం చివర ‘లిలిబు...’ అని మూడక్షరాలు చాలు. పాడేవాళ్ళు అందుకుంటారు.